డిస్కును పట్టుకున్న చెయ్యి

పోయిన వారం మనం మిషనమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి వదిలేశాం. ఆకలేసినా, కాళ్లు తిమ్మిరెక్కినా ఆ కుర్చీ దిగనని ఒట్టు పెట్టుకుని కూర్చుంది. ఇంకా అక్కడే ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్లు ఓపిక పట్టాలి.

చూపు లేనివాళ్లకోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఆఫీసు అది. మూడేళ్ల కిందట ఒక శుక్రవారం, తొమ్మిదేళ్ల చదువులు దాచిన పెద్ద డిస్కు అక్కడ పనికి రాకుండా పోయింది. యంత్రం ఇంకా వాడుకుంటూ ఉండగానే ఇంజనీరు డిస్కు లాగేశాడన్నారు. ఉద్యోగం పోయింది. పోతే పోయింది, ఆ డిస్కులో ఆయన భార్య చదివిన పుస్తకాలు ముప్పై దాకా ఉన్నాయి. ఆవిడ పోయి అప్పటికి ఏడాది. పెళ్లాం గొంతును చేజేతులా పాడుచేసుకున్నాడని తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ కూడా నోరు చేసుకున్నారు. ఆ ఇంజనీరు చెల్లెలే మన మిషనమ్మాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, అన్న కూర్చున్న కుర్చీలోనే ఉద్యోగానికి చేరి అయిదు నెలలైంది.

అన్నయ్య ఇప్పుడు ఒక కొట్లో కాలిపోయిన ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఇంట్లో రేడియో పెట్టనివ్వడు. పని నుంచి వచ్చి, గోడవైపు తిరిగి కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుంటాడు. ఒక్క మాట మాట్లాడడు. కాసేపటికి పెట్టేస్తాడు. ఎవరికన్నయ్యా అంటే ఎవరికీ కాదంటాడు. పాత స్నేహితులకు ఫోన్ చేసి, మాట్లాడే ముఖం లేక పెట్టేస్తున్నాడని చెల్లెలు అనుకునేది. అలా అనుకున్న ప్రతి సాయంత్రం ఆమె కసి ఇంకో బెత్తెడు పెరిగేది. తనది న్యాయం కోసం పోరాటమని పైకి చెప్పుకున్నా, లోపల కావలసింది అది కాదు. ఒక మనిషి నీళ్లు నమలడం కళ్లారా చూడాలి. అంతే.

ఆ మనిషిని ఆఫీసులో అందరూ వెనకాల పెద్దగొంతు అంటారు. డైరెక్టరు. రికార్డయిన పుస్తకాల్లో సగం ఆయన చదివినవే. టీ అడిగినా చివరి అధ్యాయం చదువుతున్నట్టే అడుగుతాడు. ఆ ఆఫీసులో చెప్పులు వరండాలోనే విడవాలి, ఎందుకంటే అడుగుల చప్పుడు మైకు పట్టేస్తుంది. పెద్దగొంతు మాత్రం బూట్లు విప్పడు. ఎడమ బూటు కిర్రుమంటుంది. ఆ ముక్క ఆయనతో అనే దమ్ము ఎవరికీ లేదు.

ఇక శుక్రవారం సంగతి. ప్రతి శుక్రవారం సాయంత్రం డిస్కును యంత్రం నుంచి తీసి ఇనప బీరువాలో పెట్టాలి. డిస్కు వదులుతావా అని ముందు యంత్రాన్ని అడగాలి. అది సరేనన్నాకే తియ్యాలి. ఇంజనీరూ డైరెక్టరూ ఇద్దరూ పుస్తకంలో సంతకాలు పెట్టాలి. ఈ మూడు నెలలుగా మిషనమ్మాయి ఒక తమాషా గమనించింది. తను అడిగితే యంత్రం డిస్కు వాడకంలో ఉందంటుంది. పెద్దగొంతు వచ్చి, "నువ్వు టీ తాగి రా అమ్మాయ్, నేను చూస్తాలే" అంటాడు. టీ తాగి వచ్చేసరికి యంత్రం బుద్ధిమంతురాలైపోయి డిస్కు వదిలేస్తుంది. ఒకసారైతే అదృష్టం అనుకోవచ్చు. పన్నెండు వారాలు వరసగా అదృష్టం ఎవరికీ రాదు.

అందుకే ఇవాళ ఆమె పొద్దుటి నుంచి కుర్చీ దిగలేదు. మధ్యాహ్నం తిండి కూడా కీబోర్డు పక్కనే తింది. ఇంటి దగ్గర బల్లమీద అన్నయ్యకు చీటీ పెట్టి వచ్చింది. "నాలుగింటికి నీ పాత ఆఫీసుకి రా. నేనక్కడే ఉంటాను. నీ పేరు నీకు తిరిగి ఇప్పిస్తాను."

మూడుంపావుకి ఎడమ బూటు కిర్రుమంటూ వచ్చింది.

"ఏమ్మా, టీ తాగలేదా?"

"తాగాలనిపించలేదు సార్."

"వెళ్లి రావమ్మా. ముఖం పీక్కుపోయింది."

"ఫర్వాలేదు సార్. ఇవాళ మీ ముందే డిస్కు తీస్తాను. మాష్టారు కూడా ఉన్నారు, ఆయనా వింటారు."

గది మూలన చెవుల మాష్టారు కూర్చుని ఉన్నారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. రికార్డయిన ప్రతి పుస్తకాన్నీ విని, ఎక్కడ కుర్చీ కదిలింది, ఎక్కడ చదివేవాళ్లు గుటక వేశారు, ఎక్కడ యంత్రం ఫ్యాను రొప్పింది, అన్నీ బ్రెయిలీలో పొడుచుకోవడం ఆయన ఉద్యోగం. యంత్రానికి పని ఎక్కువైతే వేడెక్కి ఫ్యాను గట్టిగా తిరుగుతుంది. ఆ రొద చదువులో పడుతుంది. ఆ ఆఫీసులో దాన్ని రొప్పు అంటారు. మాష్టారు ఒళ్లో దళసరి అట్టల పుస్తకం ఒకటి ఉంది. ఇవాళ పాతది తెచ్చుకున్నారని పెద్దగొంతుకి తెలియదు. తెలిసినా ఆయనకు ఆ అక్షరాలు రావు.

మిషనమ్మాయి యంత్రాన్ని అడిగింది. తెరమీద ఎప్పటి మాటే వచ్చింది. ఈ డిస్కు వాడకంలో ఉంది, తర్వాత ప్రయత్నించండి.

"ఏమంటోంది?" అన్నాడు పెద్దగొంతు, తెలియనట్టు.

"వదలనంటోంది సార్."

"ప్రతి వారం ఉన్న భాగోతమే కదా. నువ్వు లే, నేను చూస్తాను."

"మీకెందుకు సార్ శ్రమ. ఎవరు పట్టుకున్నారో దాన్నే అడుగుదాం."

ఈ మాట అనడానికి ఆమె అయిదు నెలలు కాచుకుంది. తొందరపడలేదు. కీబోర్డు మీద నెమ్మదిగా ఒక వరస కొట్టింది. యంత్రంలో ఆ సమయానికి నూట నలభై ప్రోగ్రాములు నడుస్తున్నాయి. వాటిలో ఈ డిస్కుమీద చెయ్యి వేసి ఉన్నవి మాత్రమే చూపించమంది. మూడు పేర్లు వచ్చాయి.

"మొదటిది మన రికార్డింగు ప్రోగ్రామే. పొద్దున చదివినావిడ తన అధ్యాయం ముయ్యకుండా వెళ్లిపోయింది. మూసేస్తున్నాను." మూసేసింది. "రెండోది ఏ పుస్తకం ఎక్కడుందో జాబితా రాసుకునేది. ఆగమని చెబితే చేతిలో పని ముగించుకుని ఆగుతుంది. మర్యాద తెలిసిన ప్రోగ్రాము." కాసేపటికి రెండో పేరు కూడా తెరమీద నుంచి పోయింది.

"మూడోది?" అన్నారు మాష్టారు. ఆయనకు అన్నీ తెలుసు. అయినా అడగడంలో ఉన్న రుచి ఆయన వదులుకోలేదు.

"మూడోది గడియారం సరిచేసే ప్రోగ్రాము మాష్టారూ."

"గడియారానికి గొంతులతో పనేమిటమ్మా?"

"నేనూ అదే అనుకుంటున్నాను. సార్‌కేమైనా తెలుసేమో."

"నాకేం తెలుస్తుంది. ఇంజనీరువి నువ్వు." పెద్దగొంతు గొంతులో మొదటిసారి చిన్న జీర వచ్చింది. ఆ జీర విని ఆమె కడుపు చల్లబడింది. ఒకేసారి తాగెయ్యాలనిపించలేదు, గుక్క గుక్కగా తాగాలనిపించింది.

ఆమె మూడోదాన్ని ఆపేసింది. యంత్రం ఫ్యాను మెల్లగా దిగింది. మాష్టారు తల ఎత్తి, "రొప్పు తగ్గింది" అన్నారు. ముగ్గురూ కదలకుండా ఉన్నారు. పది లెక్కపెట్టేంతలో ఫ్యాను మళ్లీ ఊపందుకుంది. "మళ్లీ మొదలెట్టింది" అన్నారు మాష్టారు. తెరమీద అదే గడియారం పేరు. నంబరు మాత్రం కొత్తది.

"చూశారా సార్, చంపితే మళ్లీ లేస్తోంది. దానంతట అది లేవదు. లేపే తల్లి ప్రోగ్రాము ఇంకొకటి ఎక్కడో నక్కి ఉంది. అది డిస్కుని ముట్టుకోదు కాబట్టి మన జాబితాలో కనబడదు. పిల్లని పట్టుకుని ఎవరి పిల్లవే నువ్వు అని అడగాలి."

"నాలుగవుతోంది" అన్నాడు పెద్దగొంతు. "ఇవన్నీ సోమవారం చూసుకోవచ్చు. లాగెయ్ అమ్మాయ్. సంతకం నేను పెడతాగా."

"లాగెయ్యమంటారా?"

"ఏం కాదు. లాగెయ్."

"మూడేళ్ల కిందట లాగితే ఏమైందో తెలిసి కూడానా సార్?"

పెద్దగొంతు విసుగొచ్చినవాడిలా ముందుకొచ్చి తనే డిస్కువైపు చెయ్యి చాపాడు. బూటు కిర్రుమంది.

"ఆగండి" అన్నారు మాష్టారు. ఆయన గొంతు పెంచలేదు. ఒళ్లో పుస్తకం తెరిచి పేజీమీద వేళ్లు పెట్టారు. "ఈ చప్పుడు నా దగ్గర రాసి ఉంది. చదువుతాను, వినండి."

ఆ ఆఫీసులో ఇంకో అలవాటుంది, చెప్పడం మరిచాను. శుక్రవారం డిస్కు తీసే ముందు ఎవరూ చదవనప్పటి గది నిశ్శబ్దాన్ని పది నిమిషాలు రికార్డు చేస్తారు. చదువులో దగ్గులూ తడబాట్లూ కోసేసినప్పుడు మధ్య ఖాళీ చెవికి తెలియకుండా ఆ నిశ్శబ్దాన్నే అతుకు వేస్తారు. ఆ పది నిమిషాలూ మైకు తెరిచి ఉంటుంది. మాష్టారు పక్కగదిలో చెవులకు తగిలించుకుని వింటూ, పడిన ప్రతి చప్పుడూ పొడుచుకుంటారు. డిస్కు పాడైన శుక్రవారం కూడా అలాగే పొడుచుకున్నారు.

ఆయన వేళ్లు కుడివైపు జరుగుతున్నాయి. "ఒకటో నిమిషం, రొప్పు. రెండో నిమిషం, రొప్పు తగ్గి మళ్లీ మొదలు. మూడో నిమిషం, మళ్లీ అలాగే. నాలుగో నిమిషం, ఇంజనీరు వట్టికాళ్లతో బయటికి. డైరెక్టరుగారిని పిలుస్తున్నాడు, గొంతు వరండా చివర. అయిదో నిమిషం, కిర్రుబూటు లోపలికి. కటక్ మని చప్పుడు. రొప్పు ఒక్కసారిగా బంద్. కిర్రుబూటు బయటికి. ఆరో నిమిషం, వట్టికాళ్లు లోపలికి. అయ్యో అన్న మాట. తర్వాత మూడు నిమిషాలు ఏమీ లేదు. ఏడుపేమో, నాకు సరిగ్గా అందలేదు."

పెద్దగొంతు చాపిన చెయ్యి ఇంకా అక్కడే ఉంది. వెనక్కి తీసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు, ముందుకు పెడితే మళ్లీ చేసినట్టు. సిరాతో రాసే సంతకాల పుస్తకంలో ఆ శుక్రవారం పేజీ లేదు. ఇంజనీరే చింపేశాడని విచారణలో చెప్పినవాడు పెద్దగొంతే. బ్రెయిలీ పుస్తకాన్ని మాత్రం ఎవరూ చింపలేదు, అందులో ఏముందో చింపేవాడికి తెలియదు కనక.

"మూడేళ్లు మీరెందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి. మంచి ప్రశ్నే.

"చెప్పడానికి వెళ్లాను. చూసిన సాక్షులే కావాలన్నారు. నేను దేన్నీ చూడలేదు కదా" అన్నారు మాష్టారు. "పైగా అవి నాకు వట్టి చప్పుళ్లు. ఆ చప్పుళ్లకు అర్థమేమిటో ఈ అమ్మాయి చెబితేగానీ తెలియలేదు. రొప్పు తగ్గి మళ్లీ మొదలైందంటే, ఆ రోజు కూడా ఎవరో దేన్నో ఆపుతుంటే అది లేస్తోందన్నమాట. ఇంకో నాలుగు నిమిషాలుంటే ఇంజనీరు తల్లిని పట్టుకునేవాడు."

"ఈ అమ్మాయికి ఇదంతా ఎందుకు?"

"నేను ఆయన చెల్లెల్ని" అంది మిషనమ్మాయి.

ఈ ఒక్క మాటను ఆమె ఎన్ని రకాలుగా చెప్పి చూసుకుందో లెక్కలేదు. అద్దం ముందు అరిచి చెప్పింది, పళ్లు కొరుకుతూ చెప్పింది. తీరా చెప్పవలసి వచ్చేసరికి పోస్టు ఇచ్చేవాడికి ఇంటి నంబరు చెప్పినట్టు చెప్పింది. పెద్దగొంతు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. అంత గొంతున్న మనిషికి నోట మాట రాలేదు. ఆమె తృప్తిగా చూసింది. చూడటానికి సిగ్గుపడలేదు.

"మా వదిన గొంతుని అన్నయ్యే చేజేతులా చంపుకున్నాడని ఊరంతా చెప్పించారు. మీరు లాగి ఆయన్ని తిట్టించారు. మూడేళ్లు మా ఇంట్లో పాట లేదు, మాట లేదు. ఇప్పుడు మీ కళ్లముందే ఇది ఆపుతాను. తర్వాత విచారణ చేసినవాళ్లందరినీ పిలుస్తాను. ఈ పుస్తకం మాష్టారు మళ్లీ చదువుతారు."

ఆమె పిల్లని అడిగింది, తల్లి పేరు దొరికింది. తెరలను చూసుకునే ప్రోగ్రాములాంటి అమాయకపు పేరు. ముందు తల్లిని, వెంటనే పిల్లని ఆపబోతూ చెయ్యి ఎత్తింది.

"ఆపే ముందు పక్క గడి కూడా చదువు" అన్నాడు పెద్దగొంతు. గొంతు తిరిగి వచ్చింది, కాకపోతే చాలా చిన్నది. "ఎవరి పేరుమీద నడుస్తోందో పైకి చదువు. మాష్టారు కూడా వింటారు."

ఆమె చూసింది. అన్నయ్య పేరు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన యంత్రంలోకి వెళ్లడానికి వాడిన పేరు.

ఒక్క క్షణం ఆమె వేలు గాలిలో ఆగిపోయింది. తర్వాత కోపం నెత్తికెక్కింది. "మొదలెట్టింది మూడు నెలల కిందట. ఆయన ఈ గడప దాటి మూడేళ్లు. సంకేతపదాల పుస్తకం మీ బల్ల సొరుగులో ఉంటుంది. దొంగతనం చెయ్యడమే కాకుండా ఆయన పేరుతో చెయ్యడం. మీకు కొంచెం కూడా అనిపించలేదా సార్?"

ఆమె తల్లిని ఆపింది, పిల్లని ఆపింది. ఫ్యాను దిగింది. మాష్టారు చెవి ఒగ్గి కూర్చున్నారు. పది, ఇరవై, ముప్పై. లేవలేదు. ఆమె యంత్రాన్ని మళ్లీ అడిగింది. డిస్కు తీసుకోవచ్చు అంది. ఆమె దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తీసి బల్లమీద పెట్టింది. మూడేళ్ల కిందట అన్నయ్య చెయ్యాల్సిన పని అది, ఇవాళ్టికి పూర్తయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"అయిపోయిందా?" అన్నారు మాష్టారు.

"ఇంకొక్కటుంది. ఆపకముందే అది గొంతుల్ని ఎక్కడికి మోస్తోందో రాసి పెట్టుకున్నాను." ఆమె ఆ చోటు తెరిచింది, ఫోన్లలో జవాబు చెప్పే గొంతులు తయారుచేసే కంపెనీది. వెళ్లిన గొంతులు ఒక అరలో ఉన్నాయి, మూడేళ్ల కిందట పాడైన డిస్కువి కూడా. తిరిగొచ్చినవి ఇంకో అరలో ఉన్నాయి, నమూనాలు అని పేరు పెట్టి. చదివేవాళ్ల నంబర్లు వరసగా. పదిహేడు దగ్గర ఆమె కళ్లు నిలిచిపోయాయి. ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన వదిన టీకప్పు మీద ఎర్రరంగుతో రాసి ఉండే నంబరు పదిహేడు. కప్పు ఇంకా అలాగే ఉంది, ఎవరూ అందులో తాగరు.

ఆ నంబరుతో నెలనెలా ఒకటి వచ్చింది, చివరిదాని తారీఖు పోయిన మంగళవారం.

వదిన పోయి నాలుగేళ్లు. మంగళవారం ఆవిడ ఏం చదివి ఉంటుంది? ఆమె మీట నొక్కింది.

"మీరు ఫోన్ చేసినందుకు సంతోషం." వదినే. మాటకు ముందు కొద్దిగా ఊపిరి తీసుకునే అలవాటు కూడా ఆవిడదే. "మావాళ్లందరూ వేరేవాళ్లతో మాట్లాడుతున్నారు. దయచేసి లైన్లోనే ఉండండి."

మాష్టారి చేతిలోంచి పుస్తకం జారి కింద పడింది. "ఆవిడ ఈ మాటలు ఎప్పుడూ చదవలేదు" అన్నారు. "నేను విననిది ఆవిడ ఒక్క ముక్క చదవలేదు ఇక్కడ."

"చదవలేదు. ఆవిడ గొంతు ముక్కలతో యంత్రం తయారుచేసింది" అంది మిషనమ్మాయి. ఆమెకు పెద్దగొంతును కొట్టాలనిపించింది. నిజంగానే లేచింది.

పెద్దగొంతు ఆమెవైపు చూడటం లేదు. ఆమె భుజం మీదుగా గుమ్మంవైపు చూస్తున్నాడు. "ఈ గొంతు కావాలని నా ఇంటి మెట్లెక్కింది ఎవరో, వచ్చాడుగా, ఆయన్నే అడుగు."

ఆమె వెనక్కి తిరిగింది. చెప్పులు వరండాలో విడిచి, వట్టికాళ్లతో అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఆమె రాసిన చీటీ. చచ్చిపోయిన భార్య గొంతు గదినిండా వినబడుతుంటే ఆయన ఉలిక్కిపడలేదు, అదిరిపోలేదు. రోజూ గోడవైపు తిరిగి ఫోను పట్టుకున్నప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"నేను మీతోనే ఉంటాను" అంది వదిన గొంతు. ఆ మాట అన్నయ్య పెదాలు అంతకు ఒక క్షణం ముందే పలికేశాయి.